తమ్ముడు గ్రాంటు అంటాడు, అన్న కూల్చమంటాడు

పాలమూరు వైపు ఒక పాత పట్టణం నుంచి రిటైర్డ్ టీచరమ్మ ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆ రెండూ వదిలేసి సంగతి మాత్రం చెబుతున్నాను. తాత కట్టించిన ఇల్లు, నిజాం కాలం నాటిది, బజారుకు ఆనుకుని ఉంది. ముందు డంగు సున్నంతో కట్టిన బంగ్లా, టేకు దూలాలు, చెక్కుడు పని చేసిన దర్వాజ. లోపల భవంతి, చుట్టూ అర్రలు. అన్నిటికంటే వెనక మట్టి మిద్దె. భర్త పోయాక ఆమె పుట్టింటికి వచ్చి తల్లిని చూసుకున్నారు, ఇప్పుడు తల్లి కూడా లేరు. హైదరాబాద్‌లో అన్న, కెనడా ఒంటారియోలో తమ్ముడు. తండ్రి వీలునామా ఏదీ రాయలేదు, భాగాలు పంచుకోలేదు, ఇంటి పన్ను రసీదు నేటికీ తండ్రి పేరు మీదే వస్తోంది.

పోయిన వానాకాలం మట్టి మిద్దె ఒక మూల కూలింది, బంగ్లా పక్కగోడ బయటికి ఉబ్బింది, దాని నెత్తిన రావిచెట్టు మొలిచింది. మున్సిపాలిటీ వాళ్లు శిథిల భవనం అని నోటీసు అంటించి వెళ్లారు. అన్నేమో ఇదే అదను, కూల్చేసి కింద షటర్లు, పైన ఫ్లాట్లు వేద్దాం, బిల్డర్ రెడీగా ఉన్నాడు అంటున్నారు. తమ్ముడేమో "మా దగ్గర పాత ఇల్లు బాగు చేసుకుంటే సిటీనే సగం ఖర్చు ఇస్తుంది, అక్కడా ఉండే ఉంటుంది, అడుగక్కా" అని ప్రతి ఆదివారం ఫోన్. ఈమె మున్సిపల్ ఆఫీసుకు పోయి అడిగితే ఆ మాట విన్నవాళ్లే లేరట, ఒకాయన నవ్వాడట కూడా. బయటికి వస్తుంటే ఒక పెద్దమనిషి వెంటపడి, హెరిటేజ్ గ్రాంటు 20 లక్షల దాకా తెప్పిస్తాను, ఫైలు ఖర్చుకు 40 వేలు ఇవ్వండి అన్నాడు. మేస్త్రీ మొత్తం రిపేరుకు 12 లక్షలు అని చెప్పాడు. ఆమె చేతిలో 4 లక్షలు, నెలనెలా పెన్షన్. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "ఉండటానికి వేరే చోటు లేక ఆ ఇంటిని పట్టుకుని వేలాడుతున్నానని మా వదిన అంటోంది. అది నిజమేనేమో అని నాకే అనుమానం వస్తోంది. ఏం చేయమంటారు?"

అక్కా, ముందు ఆ 40 వేల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. మన మున్సిపాలిటీల్లో సొంత ఇంటి యజమానికి పాత ఇల్లు బాగు చేసుకోవడానికి నగదు ఇచ్చే పథకం లేదు. 2019 మున్సిపాలిటీల చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు, పచ్చదనానికి పెట్టాలని రాశారు, పాత ఇళ్లకు అలాంటి వాటా ఏమీ రాయలేదు. కేంద్రం 2015లో హృదయ్ అని వారసత్వ నగరాల పథకం తెచ్చింది కానీ దేశం మొత్తం మీద 12 ఊళ్లకే, తెలంగాణలో వరంగల్ ఒక్కటే అందులో ఉంది, అది కూడా 2019లో ముగిసింది, పైగా ఆ డబ్బు వీధులకు, చెరువుగట్లకు, గుడుల పరిసరాలకు పోయిందే తప్ప ఎవరి ఇంటి కప్పుకూ కాదు. ఆ పెద్దమనిషి మళ్లీ కలిస్తే జీవో నంబరు రాసివ్వమని అడగండి, ఆ తర్వాత ఆయనే కనబడడు. ఆఫీసులో నవ్విన మనిషి మర్యాద సంగతి వేరు, కానీ లేదని చెప్పిన మాట మాత్రం నిజమే.

తమ్ముడు కూడా అబద్ధం చెప్పలేదు. టొరంటో నగరం గుర్తింపు ఉన్న పాత కట్టడాలకు సంరక్షణ పని ఖర్చులో సగం దాకా ఇస్తుంది. ఒంటారియోలో మున్సిపాలిటీలు అలాంటి ఇళ్లకు ఆస్తిపన్నులో 10 నుంచి 40 శాతం దాకా తగ్గించవచ్చని అక్కడి చట్టంలోనే ఉంది. కానీ ఫోన్లో ఆయన చెప్పని సగం ఏమిటంటే, అక్కడ ముందు ఇల్లు చట్టప్రకారం హెరిటేజ్ కట్టడంగా నమోదు కావాలి, నమోదయ్యాక కిటికీ మార్చాలన్నా సిటీని అడగాలి, పన్ను తగ్గాలంటే ఈ ఇంటిని ఇలాగే కాపాడతామని ఒప్పందం రాసి దస్తావేజులకు ఎక్కించాలి. గ్రాంటు పని మొదలుపెట్టకముందే మంజూరు కావాలి, మామూలుగా డబ్బు చేతికొచ్చేది మాత్రం పని అయ్యాక, బిల్లులు చూపించాక. అంటే అలాంటి పథకం రేపు మన ఊళ్లో పెట్టినా 12 లక్షల పనికి ముందు 12 లక్షలు మీ చేతిలో ఉండాలి. మీకున్నవి నాలుగు. గ్రాంటు లేకపోవడం వల్లే మీ పని ఆగిందని మీరు అనుకుంటున్నారు, నాకలా అనిపించడం లేదు.

మన దేశంలోనూ దారులు వెతికినవాళ్లు ఉన్నారు. పాండిచ్చేరిలో వైశ్యాళ్ వీధిలో యూరప్ నిధులు, పాత కట్టడాల సంరక్షణ చూసే ఇన్‌టాక్ సంస్థ కలిసి ఇళ్ల ముఖభాగాలు బాగు చేయించాయి, ఖర్చులో కొంత యజమానులు పెట్టుకున్నారు. అహ్మదాబాద్ కార్పొరేషన్ పోళ్లు అని పిలిచే పాత వాడల్లోని ఇళ్ల యజమానులకు డబ్బుకు బదులు టీడీఆర్, అంటే కట్టుకునే హక్కును ఇంకొకరికి బదిలీ చేసే పత్రం, ఇస్తోంది. టీడీఆర్ మన దగ్గర కూడా ఉంది, 2012 నాటి జీవో 168లో హెరిటేజ్ భవనాలకు అది ఇవ్వవచ్చని రాశారు. అదొక సర్టిఫికెట్టు మాత్రమే, దాన్ని కొనుక్కున్న బిల్డర్ ఇంకోచోట అదనంగా కట్టుకుంటాడు, ఆ అమ్మకం డబ్బు మీకు వస్తుంది. ఇరవై, ముప్పై అంతస్తులు లేచే హైదరాబాద్‌లో దానికి గిరాకీ ఉంటుంది. మూడంతస్తులు దాటని మీ ఊళ్లో ఎవరు కొంటారు? ముందు ఇల్లు హెరిటేజ్ జాబితాలో ఉండాలన్న షరతు సరేసరి.

ఆ జాబితా గురించి కూడా మీరు భయపడుతూ అడిగారు, ఎక్కిస్తే ప్రభుత్వం లాగేసుకుంటుందా అని. జాబితాలో చేర్చినంత మాత్రాన యజమాని మారడు. ఇబ్బంది వేరే ఉంది. హైదరాబాద్‌లో 1995లో నిబంధన 13 పెట్టి పాత భవనాలను జాబితాలో చేర్చారు, యజమానుల చేతులు కట్టేశారు కానీ చేతిలో పైసా పెట్టలేదు, 2015 చివరికి ఆ నిబంధననే తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది, దాని కింద మీ ఇంటిని చేర్చమని జిల్లా కలెక్టర్ ద్వారా హెరిటేజ్ శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. చేర్చితే కూల్చడం కష్టమవుతుంది, అది మీకు మంచిదే. కానీ మీ అన్న వాటాకూ అదే తాడు పడుతుంది, ఆయన సంతకం లేకుండా మీరొక్కరే అర్జీ పెడితే అది ఇంటి గొడవను కలెక్టరేట్‌కు ఎక్కించడమే అవుతుంది. నేనైతే ఇప్పుడు పెట్టను. ముగ్గురూ ఒక మాట మీదికి వచ్చిన రోజున ఆలోచించవచ్చు.

సరే, డబ్బు బయటి నుంచి రాదు అనుకుందాం. ఇక మీ అసలు సమస్య కాగితం. తండ్రి పేరు మీద ఉన్న ఇంటికి మీరు లోన్ అడిగితే బ్యాంకు ఇవ్వదు, అన్న తెచ్చిన బిల్డర్ బుద్ధున్నవాడైతే ముగ్గురి సంతకాలు లేనిదే ముట్టుకోడు. వదిన మాటకు కూడా జవాబు ఇక్కడే ఉంది. మీరు ఆ ఇంట్లో ఎవరి దయ మీదా ఉండటం లేదు. వీలునామా లేదు, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం ఏదీ లేదు అంటున్నారు కాబట్టి, అది తాతల ఆస్తిగా లెక్కేసినా, తండ్రి సొంత ఆస్తిగా లెక్కేసినా మీ వాటా మూడో వంతు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు తర్వాత కూతురికి పెళ్లయిందా, ఎప్పుడయింది అన్న ప్రశ్నే లేదు. మీ అన్న తన వాటా అమ్ముకోగలరు, మొత్తం ఇల్లు కూల్చలేరు. అలాగే మీరు కూడా మొత్తం ఇంటిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చలేరు. ఉండటానికి చోటు కావాలని కోరుకోవడంలో తప్పేముంది అక్కా, ఇల్లు ఉన్నదే ఉండటానికి. అయితే ఒకటి గమనించండి, మీరు అద్దె లేకుండా ఉంటున్నారన్నది అన్నావదినలకు కనబడుతోంది, ఇన్నేళ్లు ఇంటి పన్ను, చిల్లర రిపేర్లు, తల్లి మందులు ఎవరు పెట్టుకున్నారన్నది కనబడటం లేదు. ఆ లెక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. గొడవకు కాదు, పంపకాల మాట వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక కూల్చడం గురించి. ఆ దారి చెడ్డదని నేను అనను, చాలామంది మర్యాదగానే ఆ పని చేసి సుఖంగా ఉన్నారు. కానీ మీ అన్న ఒక లెక్క వేసినట్టు లేదు. మీ ఇల్లు బజారు అంచు దాకా ఉంది, పాత ఇళ్లన్నీ అంతే. కొత్తగా పర్మిషన్ తీసుకుంటే మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎంత వెడల్పు చూపించారో అంత వదలాలి, ఆపైన సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగ, వదలాలి. బజారు వైపు పోయే ప్రతి అడుగూ షటర్ల లోతులోంచే పోతుంది. కాబట్టి ఎవరూ ఏదీ నిర్ణయించకముందే మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఆ రోడ్డు వెడల్పు ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. ఇది మీకూ రెండువైపులా పదునున్న విషయమే సుమా. ప్లాన్‌లో రోడ్డు బంగ్లా మధ్యలోంచి పోతోందని తేలితే, ఆ బంగ్లా మీద లక్షలు పోయడానికి నేనూ ఒప్పుకోను.

రోడ్డు సంగతి అనుకూలంగా ఉంటే మధ్యేమార్గం ఒకటి కనబడుతోంది. అన్నకు కావలసింది షటర్లు కాదు, షటర్ల మీద వచ్చే అద్దె. బంగ్లా కింది గదులు బజారు వైపే తెరుచుకుంటాయని మీరే రాశారు. గోడలు పడగొట్టకుండా అవే గదులు చీరల కొట్టుకో, ట్యూషన్ సెంటర్‌కో, టిఫిన్ సెంటర్ కాకుండా మంట, పొగ లేని ఇంకేదైనా వ్యాపారానికో ఇవ్వచ్చు. వచ్చే అద్దె మూడు భాగాలు. అద్దె మీద ఆదాయపు పన్ను లెక్కలో మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది, రిపేరుకు నిజంగా ఎంత పెట్టారన్నది అడగరు. వెనక కూలిన మట్టి మిద్దె జాగ అన్నకు వదిలేస్తే, పక్క సందులోంచి దారి కుదిరితే, అక్కడ ఆయన కొత్తది కట్టుకోవచ్చు. లోపలి భవంతి మీకు. తమ్ముడు అద్దెలో వాటా తీసుకుంటాడో, తన వాటా వదులుకుంటూ మీకు రిలీజ్ డీడ్ రాసిస్తాడో ఆయన ఇష్టం. ఇందులో చిక్కు లేకపోలేదు. అన్నకు వచ్చేది వెనక జాగ, దాని విలువ ముందు జాగ విలువలో సగం కూడా ఉండకపోవచ్చు, ఆ తేడా అద్దె వాటాలోనో నగదులోనో సర్దాలి. సర్దకుండా సెంటిమెంటుతో ఒప్పిద్దామంటే ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ఏ పంపకమైనా రిజిస్టర్ చేయించండి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల ముందు రాసుకున్న భాగపత్రం రేపు కోర్టులో నిలవదు. తమ్ముడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం, రాసి పంపవచ్చు, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు చాలామంది దాటబెట్టుకుని మళ్లీ రాయించుకుంటారు. జీపీఏ అన్న పేరు మీద రాస్తే మీకు టెన్షన్, మీ పేరు మీద రాస్తే అన్నకు అనుమానం. బాబాయి కొడుకో, ఇద్దరూ నమ్మే పాలివాళ్లలో ఒకరో ఉంటే వాళ్ల పేరు మేలు.

ఇల్లు నిలబెట్టే ఖర్చు గురించి నాకు కొంచెం ఆశే ఉంది. మేస్త్రీ చెప్పిన 12 లక్షల్లో ఏమేం ఉన్నాయో విడివిడిగా రాయించారా? నా అనుమానం, అందులో సగం బంగ్లా కప్పు తీసేసి స్లాబు పోయడానికి, గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగ్‌కు ఉండి ఉంటుంది. రెండూ ఆ ఇంటికి చేటే. డంగు సున్నం గోడ తేమ పీల్చుకుంటుంది, ఆరబెట్టుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి రెండుమూడేళ్లలో ఉప్పు పూసి, పెచ్చులు పెచ్చులుగా గోడతో సహా ఊడుతుంది. పాత గోడ మీద ఆర్‌సీసీ స్లాబు బరువు వేయడమైతే ఇంజనీర్ లెక్కకట్టకుండా అసలు చేయకూడదు. పాత ఇంటికి మొదటి శత్రువు నీళ్లు, రెండోది నీళ్లతో వచ్చే చెదలు. కాబట్టి ఈ ఏడాది, మిరుగు వచ్చేలోగా, చేయాల్సింది నీళ్లు ఆపడం ఒక్కటే. బంగ్లా పైన గచ్చు పగుళ్లు సున్నంతోనే పూడ్పించండి, వాన నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేసి గోడకు దూరంగా పడేట్టు పెట్టించండి, గోడ పాదాల దగ్గర నీళ్లు నిలవకుండా వాలు చేయించండి. దూలాల కొసలు, అంటే గోడలోకి దిగే భాగం, సుత్తితో తట్టి చూడమనండి, గుల్ల శబ్దం వస్తే అక్కడ చెదలు తినేసినట్టే, ఆ కొస వరకే కోసి కొత్త చెక్క అతికించే వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. రావిచెట్టును పీకకండి, పీకితే గోడ వస్తుంది. కాండం కోసి వేరు చచ్చేదాకా మందు పెట్టి, ఆ తర్వాతే సందులు పూడ్చాలి. కూలిన మట్టి మిద్దె మీద ఒక్క రూపాయి పెట్టకండి, దానికి ఏటా చౌడు మట్టి వేసి తొక్కించే మనుషులూ లేరు, ఓపికా లేదు. సామాను తీసేసి, మిగిలిన గోడలు జాగ్రత్తగా దింపించేయండి. ఇదంతా మీ 4 లక్షల్లోపు అయ్యే అవకాశం ఉంది, ఉబ్బిన గోడ ఒక్కటి తప్ప.

ఆ గోడకు మాత్రం మేస్త్రీ చాలడు. లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను, వీలైతే రాతి, సున్నపు కట్టడాలు చూసిన మనిషిని పిలిపించండి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు ఏళ్ల తరబడి సున్నం పని చేయించారు, అక్కడ చేయి తిరిగిన మేస్త్రీలు బయట పనులకూ వస్తున్నారు. ఇన్‌టాక్ హైదరాబాద్ శాఖను అడిగితే ఎవరిని పిలవాలో దారి చెబుతారు, డబ్బు మాత్రం ఇవ్వరు. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఆర్కిటెక్చర్ పిల్లలు చదువులో భాగంగా పాత ఇళ్లను కొలిచి బొమ్మలు గీస్తారు, అక్కడి విభాగానికి ఒక ఉత్తరం రాసి చూడండి. వాళ్లొస్తే భోజనం పెట్టే ఖర్చుతో మీ ఇంటి పూర్తి డ్రాయింగులు చేతికొస్తాయి. పంపకాలకు, ఇంజనీరుకు, రేపు ఎప్పుడైనా పథకం వచ్చినా మొదట అడిగేది అవే.

దోమకొండ కోట పేరు వినే ఉంటారు. అది ప్రైవేటు కుటుంబానిదే, వాళ్లే పూనుకుని బాగు చేయించారు, 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. వాళ్ల స్తోమత వేరు, మీది వేరు, పోల్చమని కాదు. అంత పెద్ద కోటకు కూడా మున్సిపల్ గ్రాంటు ఆసరా లేదని తమ్ముడికి చెప్పడానికి పనికొస్తుంది.

చివరికి అన్న మాటే నెగ్గిందనుకోండి, లేదా పంపకాల తర్వాత మీకే ఓపిక లేదనిపించిందనుకోండి. అప్పుడు కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. డెవలప్‌మెంట్ ఒప్పందం రిజిస్టర్ కావాలి, కట్టే కాలం అంతా మీ అద్దె బిల్డర్ కట్టాలి, మీకు వచ్చే ఫ్లాట్ ఏ అంతస్తులో, ఏ వైపో నంబరుతో సహా రాయించాలి. మోకాళ్ల నొప్పులున్నాయని రాశారు కాబట్టి లిఫ్టు సంగతి కూడా. కూల్చే కాంట్రాక్టర్లు కలప తామే తీసుకుంటామని మాటల మధ్యలో కలిపేస్తారు, మీ టేకు దూలాలు, ఆ దర్వాజ కలిపితే చిన్న మొత్తం కాదు. అవి ముగ్గురు యజమానులవే అని కాగితంలో ఉండాలి.

తమ్ముడితో వచ్చే ఆదివారం మాట్లాడేటప్పుడు గ్రాంటు ముచ్చట పక్కన పెట్టి రెండే అడగండి. జీపీఏ ఎవరి పేరున రాస్తావు? ఈ వానకు ముందు చేయాల్సిన రిపేరులో నీ మూడో వంతు పంపుతావా? అన్నను కూడా అదే అడగండి, ఇల్లు కూలి పక్కవాళ్ల మీద పడితే కేసు ముగ్గురి మీదా అవుతుందని చెప్పి మరీ. ఇద్దరూ పంపకపోతే మీరు పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు దాచండి, పంపకాల్లో లెక్కకొస్తుంది.

ఇక ఆ నోటీసు. దాన్ని సొరుగులో పెట్టేశానని రాశారు, ముందు బయటికి తీయండి. కూల్చాలి అని మాత్రమే ఉందా, మరమ్మతు చేయాలి లేదా కూల్చాలి అని ఉందా చదవండి, గడువు తేదీ చూడండి. కూలిన భాగం తొలగిస్తున్నామని, ఉబ్బిన గోడకు ఆసరా పెట్టించామని, మిగతా భవనాన్ని ఇంజనీర్‌తో చూపిస్తున్నామని కమిషనర్ పేరున రాసి, ఫొటోలు జతచేసి, గడువు లోపలే ఇవ్వండి. ఇన్‌వార్డ్ ముద్ర వేసిన కాపీ తీసుకోకుండా ఆఫీసు నుంచి కదలకండి.